జానెడు ఎడం

కొండ కింద రోడ్డు అయిపోయేచోట బస్సు తిప్పుకోవడానికి ఉన్న జాగా బహు తక్కువ. ఒక పక్క టీకొట్టు, ఇంకో పక్క ఎప్పుడో తాళం పడ్డ గోదాము, వెనక నడుమెత్తు రాతిగోడ. గోడ దాటితే వాగు. వచ్చిన బస్సు ముఖం తిప్పుకుని మళ్ళీ ఊరిదారి పట్టాలంటే ఆ గోడ దాకా వెనక్కి పోక తప్పదు. అందుకని ప్రతి ట్రిప్పుకీ కండక్టరు దిగి వెనక్కి వెళ్ళి, గోడ మూల నిలబడి, బస్సు రేకు మీద అరచేత్తో చరుస్తూ "రానీ... రానీ... రానీ..." అని ఒకే శ్రుతిలో పిలిచేవాడు. చివర్న గొంతు దించి "హోల్డాన్" అనేవాడు. అద్దంలో డ్రైవరుకు అతని మోచెయ్యి తప్ప ఏమీ కనిపించేది కాదు. ఆ గొంతు వింటూ వచ్చేవాడు, ఆ గొంతు ఆపితే ఆగేవాడు. బస్సుకీ గోడకీ మధ్య జానెడు ఎడం మిగిలేది. ఇరవై ఏళ్ళు దాటిన ఆ కొలువులో ఆ జానెడు చెరిగింది లేదు.

కండక్టరు పోయి ఏడాది కావస్తోంది. అతని గురించి ఎవరు ఏం చెప్పుకోవాలన్నా ఆ కేక దగ్గరే మొదలుపెడతారు. కాలేజీ పిల్లలు అతనికి పెట్టిన పేరు కూడా హోల్డాన్ మామ. ఆ పేరు అతనికి బాగానే నచ్చింది. అసలు పేరు జీతం పుస్తకంలో ఉంటే చాలునని అనేవాడు.

డ్రైవరుకు అతను స్వయానా భార్య అన్నగారు. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు. డిపోలో ఎవరైనా సరదాకి "ఏం బావా" అని కేకేస్తే రెండు తలలు తిరిగేవి. కానీ చుట్టరికం తర్వాత వచ్చింది, బస్సు ముందు. అమ్మా నాన్నా పోయాక చెల్లెల్ని వెంటబెట్టుకుని కండక్టరు పట్నం వచ్చి, అట్టపెట్టెలు అతికించే కార్ఖానాలో కొన్నాళ్ళు చేసి, ఆ పైన బస్సెక్కాడు. అతని మొదటి బస్సుకి ఈ డ్రైవరే. రెండేళ్ళు వెనక నుంచి ఆ డ్రైవరు మెడ చూసి, చూసి, చెల్లెలికి సంబంధం చెప్పాడు.

"మనిషికి కోపమొస్తే ముందు మెడ ఎర్రబడుతుందే. రద్దీలో చూశాను, వానలో చూశాను, గొర్రెలు అడ్డమొచ్చినప్పుడు చూశాను. ఒక్కసారీ ఎర్రబడలేదు" అన్నాడట. పెళ్ళయ్యాక చెల్లెలు ఆ మాట తలుచుకుని, "నువ్వు చూసింది మెడే కదా అన్నయ్యా, ముఖం నేను చూస్తున్నాను" అనేది.

తను మాత్రం పెళ్ళి చేసుకోలేదు. వాళ్ళింట్లోనే వీధి గదిలో ఉండేవాడు. గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, తలుపు వెనక మేకుకి యూనిఫాం. మేజోళ్ళు చిరిగితే తనే కుట్టుకునేవాడు, అదీ ఏ రంగు దారం చేతికొస్తే ఆ రంగుతో. ప్రయాణికులు సీట్లలో వదిలేసిన పేపర్లు ఇంటికి తెచ్చుకుని మర్నాడు చదివేవాడు. "వార్త ఒకరోజు మాగితే అరుగుతుంది" అనేవాడు. బస్సులో మరిచిపోయిన గొడుగుల్ని డిపోలో అప్పజెప్పేవాడు కాదు. వెనక కడ్డీకి వేలాడదీసి, మనిషి మళ్ళీ ఎక్కినప్పుడు ఏమీ అనకుండా చేతిలో పెట్టేవాడు. గొడుగు మరిచినవాళ్ళ ముఖాలు అతను మరవడు. ఒకావిడ ఏడాది తర్వాత ఎక్కితే ఆమె గొడుగు ఆమెకు దొరికింది. తనకు మాత్రం గొడుగు లేదు. వానొస్తే తడిసేవాడు.

ఇక డ్రైవరు కన్ను సంగతి.

ఎడమ కన్ను మసకబారుతోందని డ్రైవరుకి మొదట తెలిసింది అద్దం ముందు, గడ్డం గీసుకుంటుంటే. అద్దం మీద ఆవిరి పట్టిందనుకుని తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. ఆవిరి అద్దం మీద లేదు. ఎవరికీ చెప్పలేదు. డిపోలో వైద్యపరీక్ష గది గోడ మీద అక్షరాల పటం ఎన్నేళ్ళయినా అదే. వంతుకోసం బెంచీ మీద కూర్చున్నవాడికి తలుపు సందులోంచి అది చక్కగా కనబడేది. డ్రైవరు అక్కడే కుడి కంటితో పాఠం వల్లెవేసుకుని లోపలికెళ్ళి, ఎడమ కంటితో అప్పజెప్పి వచ్చేవాడు.

కండక్టరుకి కూడా చెప్పలేదు. కండక్టరే కనిపెట్టాడు. స్టాపుల్లో బస్సు ఫుట్‌పాత్ అంచుకి దూరం జరుగుతోంది. ఒకప్పుడు అడుగు తీసి మెట్టు మీద వేసిన ముసలివాళ్ళు ఇప్పుడు రోడ్డు మీదికి దిగి ఎక్కాల్సి వస్తోంది. నాలుగు రోజులు గమనించి, అయిదో రోజు నుంచి కండక్టరు లోపల టికెట్లు కొట్టడం తగ్గించి ఎడమవైపు వెనక మెట్టు మీద నిలబడటం మొదలుపెట్టాడు. "ఎడమ సైకిలు", "ఎడమ ఖాళీ", "ఇంకా ఎడమ, ఇంకా" అంటుండేవాడు. ప్రయాణికులకది పాత అలవాటులాగే వినిపించింది. బావలిద్దరి మధ్యా దాని గురించి ఒక్క మాట నడవలేదు. అట్లా మూడు వానాకాలాలు గడిచాయి.

ఒక పొద్దున బడి ముందరి మలుపులో, పసిపిల్లను తోపుడుబండిలో కూర్చోబెట్టుకుని ఒక తల్లి ఎడమ నుంచి రోడ్డు మీదికి వచ్చింది. కండక్టరు నోటితో చెప్పే వ్యవధి లేక గంట తాడు ఒక్క లాగు లాగాడు. తాడు తెగి చేతిలోకొచ్చింది. బస్సు ఆగింది. తల్లి వెనక్కి కూడా చూడకుండా రోడ్డు దాటిపోయింది. డ్రైవరు అద్దంలోకి చూసి, "చూశానులే" అన్నాడు. కండక్టరు ఊఁ కొట్టాడు. ఆ మధ్యాహ్నం టెర్మినస్‌లో మెట్టు మీద కూర్చుని తాడుకి ముడేస్తూ ఉండిపోయాడు. చిన్న ముడే, చాలాసేపు వేశాడు.

ఆ ఏడే పైనుంచి కబురొచ్చింది. వచ్చే నెల మొదటి తారీకు నుంచి ఆ రూటులో కండక్టర్లు ఉండరు. ముందు తలుపు దగ్గర టికెట్ యంత్రం పెడతారు, డ్రైవరు ఒక్కడే బండి నడుపుకుంటాడు. టెర్మినస్‌లో గోడ కొట్టేసి జాగా పెంచుతారు. కండక్టరుని డిపోలో మరిచిపోయిన వస్తువుల గదికి వేశారు. అతను దానికేమీ బాధపడలేదు. "నాకది ప్రమోషనే. నా గొడుగులు నాకన్నా ముందే చేరతాయక్కడికి" అన్నాడు.

కానీ ఆ సాయంత్రం బస్సు కడిగేచోట, గొట్టంలోంచి నీళ్ళు చక్రాల మీద పడుతుంటే, మొదటిసారి ఆ మాటెత్తాడు.

"మేనేజరుకి నువ్వే వెళ్ళి చెప్పు బావా."

"ఏమని?"

"నీ ఎడమ కన్ను ఇన్నాళ్ళూ వెనక మెట్టు మీద నిలబడి టికెట్లు కొట్టిందని."

డ్రైవరు నీళ్ళ గొట్టం ఆపలేదు. ఈ దారి తనకి కళ్ళు మూసుకున్నా తెలుసన్నాడు. ఏ గుంత ఎక్కడుందో, ఏ స్టాపులో ఏ ముసలామె నిలబడుతుందో చెప్పగలనన్నాడు. గుంతలు కదలవు, ముసలామె కూడా కదలదు, కదిలేవాటి సంగతే నేనంటున్నానని కండక్టరు అన్నాడు. మాటా మాటా పెరిగింది. ఆఖరికి డ్రైవరు గొట్టం కింద పడేసి, "స్టీరింగు లేకపోతే ఈ చేతులు ఎక్కడ పెట్టుకోమంటావు?" అన్నాడు.

జేబులో పెట్టుకో అనబోయి కండక్టరు ఆగాడు. అప్పుడతని మెడ చూశాడట. ఇన్నేళ్ళలో మొదటిసారి ఎర్రబడి ఉంది.

చెల్లెలితో చెబితే ఒక్కపూటలో తేలిపోయే వ్యవహారమే. కానీ ఆమె చెబితే దిగిన మగడు ఇంట్లో జీవితాంతం దింపబడ్డ మనిషిగానే ఉంటాడని కండక్టరు లెక్క. తనంతట తను దిగాలి. దానికి అతనో ఉపాయం చెప్పాడు. ఆదివారం ఇద్దరికీ సెలవు. ఇన్నేళ్ళుగా బస్సు అద్దంలోంచి చూస్తున్న ఆ కొండ ఎక్కుదాం. ఎక్కడం ఎవరైనా ఎక్కుతారు, దిగడం ముఖ్యం. దిగేటప్పుడు నేను నోరెత్తను. నా మాట సాయం లేకుండా నువ్వు కింద టీకొట్టు దాకా వస్తే, కన్ను ఊసు నా నోట మళ్ళీ రాదు. రాలేకపోతే సోమవారం నువ్వే మేనేజరు గది తలుపు తడతావు.

డ్రైవరు వెంటనే ఒప్పుకున్నాడు. బావ మాటంటే మాటే. ఒక్క పగలు గట్టెక్కితే ఇంకో పదేళ్ళు స్టీరింగు తనదే.

ఆదివారం పొద్దున డ్రైవరు భార్య రొట్టె ముక్కలు, ఉడకబెట్టిన గుడ్లు, కమలాలు సంచిలో సర్దుతూ, "ఇన్నేళ్ళూ ఆ కొండ మిమ్మల్ని పిలవలేదు, ఇప్పుడేం పిలిచింది?" అని మొగుణ్ణి అడిగింది. గాలి మార్పుకని ఆయన అన్నాడు. ఆమె అన్నగారి కాళ్ళ వంక చూసింది. యూనిఫాం బూట్లే, నల్లగా పాలిష్ చేసి ఉన్నాయి. "కొండ మీద ఇన్‌స్పెక్టరెవరైనా ఉన్నాడా అన్నయ్యా?" అంది. ఉండొచ్చునన్నాడు కండక్టరు.

తమ బస్సులోనే ప్రయాణికుల్లా ఎక్కి వెళ్ళారు. ఆదివారం డ్యూటీవాళ్ళు వేరే. దారి పొడుగునా డ్రైవరు కుడికాలు, అక్కడ లేని బ్రేకును తొక్కుతూనే ఉంది.

దారి టీకొట్టు వెనకనుంచి మొదలవుతుంది. రాళ్ళ మీద తెల్లసున్నంతో బాణం గుర్తులు వేసి ఉన్నాయి. మొదట ఎండుగడ్డి, తర్వాత పొదలు, ఆ పైన బండలు. కండక్టరు ముందు, డ్రైవరు వెనక. ఇన్నేళ్ళుగా బావకి తన వీపు చూపించిన డ్రైవరు ఆ రోజే మొదటిసారి బావని వెనక నుంచి చూశాడు. సన్నటి మెడ. నల్లచొక్కా కాలరు మీద నీలం దారం కుట్టు. ఈ మనిషి ఎప్పుడు ముసలివాడయ్యాడో తనకి తెలియలేదని అతనికి అనిపించింది.

కండక్టరుకి ఊపిరి ఆడటం కష్టంగానే ఉంది. అది కప్పిపుచ్చుకోవడానికి ప్రతి మలుపులోనూ ఆగి స్టాపులు పిలిచాడు. "చీలిక రాయి, చీలిక రాయివాళ్ళు దిగాలి." "ముళ్ళపొద, ముళ్ళపొద." పైనుంచి దిగుతున్న కుర్రకారు గుంపు ఒకటి ఎదురైంది. అందులో ఒకమ్మాయి గుర్తుపట్టి, "హోల్డాన్ మామా, మీరు బస్సు లేకుండా కూడా ఉంటారా?" అంది. అతను చెవి మీది పెన్సిలు తీసి, టికెట్లు చూపించమన్నాడు. వాళ్ళు నవ్వుకుంటూ దిగిపోయారు. దిగే తొందరలో వాళ్ళ కాళ్ళు రాళ్ళను అసలు చూడకపోవడం డ్రైవరు చూశాడు.

పైన గాలి బాగా వీస్తోంది. కూర్చుని రొట్టె తిన్నారు. కింద రోడ్డు, వాగు, గోదాము కప్పు, అగ్గిపెట్టంత బస్సు. ఆదివారం కండక్టరెవరో గోడ మూల నిలబడి బస్సును వెనక్కి పిలుస్తున్నాడు. కేక పైదాకా రాలేదు. డ్రైవరు ఎడమ అరచెయ్యి ఎడమ కంటికి అడ్డం పెట్టుకుని కిందికి చూస్తున్నాడు.

"ఎండ ఒక కంటికే కొడుతోందా బావా?" అన్నాడు కండక్టరు, కమలా తొక్క తీస్తూ.

డ్రైవరు చెయ్యి దించాడు. "నోరెత్తనన్నావు."

"దిగేటప్పుడన్నాను. ఇంకా దిగడం లేదుగా."

తొనలు సగం సగం పంచుకున్నారు. అక్కడ కూర్చుని కండక్టరు తన చెల్లెలి చిన్నతనం ఏదో చెప్పాడు. సంతలో తప్పిపోకుండా అన్న చొక్కా అంచు పట్టుకుని నడిచేదట. వెనక్కి తిరిగి చూసుకోవలసిన పని ఉండేది కాదట, చొక్కా లాగుతూ ఉంటే పిల్ల ఉన్నట్టు. లాగడం ఆగితే గుండె ఆగేదట. అది చెప్పి లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "పద. ఇక నేను మూగవాణ్ణి" అన్నాడు.

దిగడం మొదట్లో బాగానే సాగింది. డ్రైవరు దారిలో ఏరుకున్న కర్ర ఒక చేత్తో ఆనించుకుంటూ, ప్రతి రాయినీ ముందు కర్రతో తట్టి, తల కొంచెం ఎడమకి తిప్పి కుడి కంటితో చూసి, అప్పుడు అడుగేశాడు. ఎదురుగా ఉన్నది రాయో రాయి నీడో తెలియనిచోట కూర్చుని జారాడు. ప్యాంటు వెనక పాడైతే పాడైంది. కండక్టరు నాలుగడుగులు ముందు నడుస్తూ, మాటిమాటికీ ఆగుతూ, పెదవి పళ్ళ మధ్య పెట్టుకుని చూస్తున్నాడు. పొదలు దాటారు. టీకొట్టు పొగ కనిపించింది. డ్రైవరుకి ధైర్యం వచ్చి ఈల కూడా వేశాడు.

చివర్న ఒక్క బండ మిగిలింది. మనిషి ఎత్తుకన్నా కొంచెం ఎక్కువ, నున్నగా ఉంది. నిచ్చెన దిగినట్టు బండకి ముఖం పెట్టి, వెనక్కి, కాళ్ళతో తడుముకుంటూ దిగాలి. మధ్యలో కాలు మోపడానికి ఒక గట్టు, దాని కింద గులకరాళ్ళు. కండక్టరు ముందు దిగి, పక్కకి జరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

డ్రైవరు బండని కావలించుకుని కుడికాలు దించాడు. ఆనింది. ఎడమకాలు దించాడు. ఆనలేదు. ఎడమకి తిరిగి చూశాడు. కుడి కంటికి బండ అడ్డం, ఎడమ కంటికి బూడిదరంగు మసక తప్ప ఏమీ లేదు. గట్టు బెత్తెడు కింద ఉందో బారెడు కింద ఉందో తెలియలేదు. కాలు గాలిలో అటూ ఇటూ వెతికింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. పైకి పోలేడు, కిందికి రాలేడు. పిలిస్తే పందెం పోతుంది. పిలవలేదు. బండకి చెంప ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు.

కింద కండక్టరు చేతులు విప్పాడు. మళ్ళీ కట్టుకున్నాడు. ఇంకొంచెంసేపు చూశాడు. తర్వాత అతనికి తెలియకుండానే అరచెయ్యి వెళ్ళి బండ మీద చరిచింది.

"రానీ" అన్నాడు.

ఆ మాట చెవిన పడగానే డ్రైవరు ఒళ్ళంతా వదులైంది. అంత వదులవుతుందని తనే అనుకోలేదు.

"రానీ... రానీ..." ఎడమకాలు కిందికి జరిగింది. "రానీ... ఇంకొంచెం రానీ..."

కాలు గట్టుని తాకింది, దాటింది, ఇంకా వచ్చింది. గట్టు అంచు మీద పడిన మడమ మెలితిరిగి కిందికి జారింది. డ్రైవరు గులకరాళ్ళ మీదికి వచ్చి పడుతుంటే కండక్టరు భుజాన ఉన్న సంచితో సహా ఎదురొచ్చి పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి కూలబడ్డారు. అంతా అయిపోయాక, నేల మీద కూర్చుని, కండక్టరు చివరి మాట కూడా అనేశాడు.

"హోల్డాన్."

ఎముక విరగలేదు. కాలు మడత పడింది, అరచెయ్యి చెక్కుకుపోయింది. సంచిలో మిగిలిన గుడ్లు చితికాయి. చూస్తుండగానే చీలమండ కమలాపండంత ఉబ్బింది. కండక్టరు బూటు విప్పి, తన జేబులోని రుమాలు సీసాలో నీళ్ళతో తడిపి బిగించి కట్టాడు.

"నువ్వు నోరెత్తావు" అన్నాడు డ్రైవరు ఆఖరికి.

"ఎత్తాను."

"నీ మాట విన్నాను గనక పడ్డాను. నా కన్నుతో పడలేదు."

"అవును. పందెం నేనే ఓడాను." కండక్టరు ముడి సరిచూశాడు. "జానెడు ఎక్కువ చెప్పాను."

"ఎందుకు ఎక్కువ చెప్పావు?"

"ఎప్పుడూ చెప్పేదే. గోడ దగ్గర నేను చెప్పినచోట నువ్వెప్పుడు ఆగావు? జానెడు ముందే బ్రేకు కొట్టేవాడివి. అందుకని నేను గోడ దాకా పిలిచేవాణ్ణి."

డ్రైవరు అతని ముఖంలోకి చూశాడు. "నువ్వు ఎక్కువ పిలుస్తావని తెలిసే కదా నేను జానెడు ముందు ఆపేది."

కొంచెంసేపటికి ఇద్దరికీ నవ్వొచ్చింది. ఎవరు ముందు మొదలుపెట్టారో, కండక్టరు ఎక్కువ పిలవడమా, డ్రైవరు ముందు ఆపడమా, ఎంత వెనక్కి తలుచుకున్నా తేలలేదు. ఇరవై ఏళ్ళు ఒకరి తప్పుని ఒకరు దిద్దుకుంటూ బస్సును గోడకి తగలకుండా నడిపారు. ఈ పూట బ్రేకు లేని కాలు పిలిచినంతా వచ్చేసింది.

నవ్వు ఆగాక కండక్టరు అన్నాడు, "మాట మాటే బావా. నేనిక ఎవరితోనూ అనను. నువ్వూ నీ బండీ."

ఎడమవైపు నిలబడి, అతని చెయ్యి తన భుజం మీద వేయించుకుని టీకొట్టు దాకా నడిపించాడు. టీకొట్టతను బల్ల ఖాళీ చేసి, కొండ మీద పులి గానీ కనబడిందా అని అడిగాడు. బావ కనబడ్డాడన్నాడు డ్రైవరు.

తిరుగుబస్సులో కుంటికాలు చాపుకోవడానికి వీలుగా డ్రైవరుని ఎడమ కిటికీ పక్క కూర్చోబెట్టాడు కండక్టరు. తను వెనక మెట్టు దగ్గర నిలబడ్డాడు. డ్యూటీ లేకపోయినా అతని కాళ్ళు అక్కడికే పోయేవి.

ఇన్నేళ్ళుగా తను నడిపిన దారిని ఆ కిటికీలోంచి డ్రైవరు ఎన్నడూ చూసి ఉండలేదు. పొద్దున ఎదురుగా అద్దం వైపే చూస్తూ లేని బ్రేకు తొక్కుకుంటూ వచ్చాడు. ఇప్పుడు మనిషికి చేసేదేమీ లేదు. కుడి కన్ను కిటికీ వైపు తిప్పి కూర్చున్నాడు.

దారంతా మనుషులే. బస్సు రేకుకి మూరెడు దూరంలో సైకిలు మీద ఒక ముసలాయన. సంచి కింద పెట్టి చెప్పు సరిచేసుకుంటున్న ఒకావిడ, వీపు బస్సు వైపు. బంతి కోసం రోడ్డు అంచు దాకా వచ్చి ఆగిన పిల్ల. నిచ్చెన మోసుకుపోతున్న మనిషి, నిచ్చెన కొస రోడ్డు మీదికి ఊగుతోంది. ఒకరి తర్వాత ఒకరు కిటికీ కింద నుంచి జరిగిపోతున్నారు. ఎవరూ బస్సు వంక చూడటం లేదు. చూసుకునేవాడు ఒకడున్నాడని అందరికీ నమ్మకం. వెనక మెట్టు మీద నుంచి కండక్టరు గొంతు సన్నగా, డ్యూటీలో ఉన్న డ్రైవరుకి కాదు, ఎవరికీ కాదు, "ఎడమ సైకిలు... ఎడమ ఖాళీ... ఎడమ పిల్ల..." అంటూనే ఉంది.

బడి ముందరి మలుపు వచ్చింది. అక్కడ ఎవరూ లేరు. డ్రైవరు ఆ ఖాళీని మలుపు తిరిగేదాకా చూశాడు.

ఇంటికెళ్ళాక భార్య వేడినీళ్ళలో ఉప్పు వేసి కాలు పెట్టమంది. ఎవరు తోశారని అడిగింది. "మీ అన్నయ్య పిలిచాడు, వచ్చాను" అన్నాడు. తర్వాత కాలు నీళ్ళలో ఉండగానే కన్ను సంగతి మొత్తం చెప్పాడు. నీళ్ళు చల్లారితే ఆమె మళ్ళీ మరగబెట్టి తెచ్చింది. వీధి గది తలుపు మాత్రం కొంచెం గట్టిగా తట్టి, "ఇద్దరూ ఇద్దరే" అని ఇవతలికి వచ్చేసింది.

సోమవారం పొద్దున డ్రైవరు కర్ర పట్టుకుని కుంటుకుంటూ డిపోకి వెళ్ళాడు. మేనేజరు కట్టు చూసి, సెలవు కోసం ఇంత దూరం రావాలా, కబురంపితే సరిపోయేదిగా అన్నాడు. "సెలవుకి కాదండీ" అని చెప్పాల్సింది చెప్పాడు. మేనేజరు చాలాసేపు చీవాట్లు పెట్టాడు, అన్నీ న్యాయమైనవే. చీవాట్లు అయిపోయాక కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఆ వారంలోనే వైద్యపరీక్ష గదిలో అక్షరాల పటం మారింది.

కంటికి ఆపరేషనయింది. చూపు కొంత వచ్చింది, బస్సుకి సరిపడా రాలేదు. అతన్ని డిపో ఆవరణలో వేశారు. సాయంత్రం ఒక్కొక్కటే వచ్చే బస్సులను షెడ్డులోకి వెనక్కి పిలిచి వరసలో పెట్టించే పని. మొదటి రోజు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. తర్వాత బస్సు రేకు మీద చరచడం వాటంతట అవే నేర్చుకున్నాయి.

మరిచిపోయిన వస్తువుల గది షెడ్డుకి ఎదురుగానే. పని లేనప్పుడు కండక్టరు గుమ్మంలో నిలబడి చూస్తుండేవాడు. ఒకరోజు, "తొందరపడి హోల్డానంటున్నావు బావా. ఇంకా మూరెడు ఉంది" అన్నాడు.

"వీళ్ళు కుర్రాళ్ళు. ఆపమన్నాక ఆగుతారు, ముందు కాదు" అన్నాడు డ్రైవరు.

కండక్టరు ఆలోచించి, అదీ నిజమేనన్నాడు. కానీ కొన్నాళ్ళకి ఒక్కొక్కరి తీరూ తెలిసొస్తుంది, ఎవడికి ఎంత కలపాలో ఎవడికి ఎంత తగ్గించాలో నీకే తెలుస్తుంది, వాళ్ళ మెడలు చూడు అని చెప్పాడు. ఆ గదిలో అతను చేసింది నాలుగేళ్ళు. ఉండగా ఉండగా ఊపిరి తీసుకోవడమే పనయింది. కొండ మీద ఆగి స్టాపులు పిలిచినప్పుడే తను కనిపెట్టి ఉండాల్సిందని డ్రైవరు భార్యతో ఒకసారి అన్నాడు. నేనూ ఇదే ఇంట్లో ఉన్నాను కదా అందామె. నిరుడు చలికాలంలో ఒక మధ్యాహ్నం కుర్చీలో కూర్చునే పోయాడు. ముందురోజు పేపరు ఒళ్ళో సగం చదివి ఉంది. వీధి గది ఖాళీ చేస్తుంటే మేజోళ్ళు బయటపడ్డాయి, పది రంగుల దారాలతో. ఆమె వాటిని ఎవరికీ ఇవ్వలేదు.

డ్రైవరు ఇంకా డిపోకి వెళ్తున్నాడు. ఇప్పుడు ప్రతి మెడా తెలుసు. ఎవడు ముందు ఆపుతాడో, ఎవడు చెప్పినంతా వచ్చేస్తాడో తెలుసు. చలి ముదిరిన రోజుల్లో ఎడమ చీలమండ సలుపుతుంది. సాయంత్రం ఇంటికి కుంటుతూ వస్తే భార్య మందు రాస్తూ, ఇన్నేళ్ళయినా ఇది తగ్గదేమిటి, మంచి డాక్టరుకి చూపిద్దామంటుంది.

"ఉండనీలే" అంటాడు.